పాలపన్ను పుట్టేది ఎప్పుడు?

మొన్న సోమవారం పొద్దున, ఒకటో షిఫ్టు సైరన్ మోగి గంటైనా కాలేదు, బెల్లంపల్లి క్వార్టర్ల వైపు నుంచి ఒక అమ్మమ్మ మనమణ్ణి చంకనేసుకుని మా ఆస్పత్రి గదిలోకి వచ్చింది. పిల్లవాడు బొద్దుగా, చలాకీగా వున్నాడు. వస్తూనే నా మెడలోని స్టెతస్కోపు అందుకోబోయాడు. కష్టమేమిటని అడిగితే ఆవిడ వాడి పెదవిని వేలితో ఎత్తి చూపించింది.

“పదమూడు నెల్లు నిండినయి డాక్టరమ్మా. గీ నోట్ల ఒక్క పన్ను లేదు. మా వాడకట్టుల ఆర్నెల్ల పిల్లకు నాలుగున్నయి.”

అంతటితో ఆగలేదు. కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించింది. “ఇంకోటమ్మా. మీది పన్ను ముందొస్తే మేనమామకు కీడంటరు గద. నా కొడుకు బాయిల పనిచేస్తడు. రోజూ లోపటికి దిగుతడు.”

నేను నవ్వలేకపోయాను. కొడుకు రోజూ గనిలోకి దిగే తల్లికి పక్షి అరిచినా భయమే. ఆ భయాన్ని మూఢనమ్మకమని తీసిపారేయటం పట్నంలో కూర్చున్న వాళ్ళకు సులువు.

పిల్లవాణ్ణి ఆమూలాగ్రం పరీక్షించాను. బల్ల పట్టుకుని నాలుగడుగులు వేశాడు. పేరు పెట్టి పిలిస్తే చటుక్కున తిరిగాడు. చర్మం నునుపుగా వుంది, నాలుక నోట్లో అమిరి వుంది, బరువూ పొడుగూ వయసుకు తగ్గట్టే వున్నాయి. పళ్ళు ఒక్కటే ఆలస్యం. వాళ్ళ నాన్నకు కూడా ఏడాది దాటాకనే వచ్చాయట. “ఏం భయం లేదు పెద్దమ్మా, ఇంకొన్ని నెలలు చూద్దాం” అన్నాను. టానిక్కు రాయలేదని ఆవిడకు కొంచెం కోపం వచ్చినట్టే వుంది.

ఇది ఆవిడ ఒక్కర్తె ప్రశ్న కాదు. పళ్ళు ఆలస్యమైతే కాల్షియం తక్కువైందని ఒకరు, ముందొస్తే తెలివైనవాడని ఒకరు, అసలు పళ్ళతోనే పుడితే ఇంటికి అరిష్టమని ఇంకొకరు అంటూనే వుంటారు. అందరూ పొరబడేది ఒక్కచోటే. చిగురు చీల్చుకుని బయటికొచ్చిన రోజును మనం పన్ను పుట్టినరోజనుకుంటాం. అది పుట్టినరోజు కాదు, గృహప్రవేశం. ఇంటికి శంకుస్థాపన ఎప్పుడో జరిగిపోయింది.

ఎప్పుడంటే, గర్భం దాల్చిన ఆరో వారంలో. నెల తప్పిందా లేదా అని తల్లి ఇంకా తేల్చుకోలేని రోజుల్లోనే లోపలి శిశువు దవడల్లో పళ్ళకు మొలకలు మొదలవుతాయి. నాలుగో నెలకల్లా ముందరి పాలపళ్ళ కొసలు గట్టిపడటం ఆరంభిస్తాయి. బిడ్డ బయటపడే వేళకు 20 పాలపళ్ళూ చిగుళ్ళ కింద ఏదో ఒక మేరకు గట్టిపడే వుంటాయి. ఆరో ఏట వచ్చే మొదటి శాశ్వత దవడపన్ను కూడా సరిగ్గా కాన్పు రోజుల్లోనే గట్టిపడటం మొదలెడుతుంది. బోసినోటి పాపాయి అని ముద్దు చేస్తాం గాని, ఆ బోసినోటి వెనక ఇంత సరంజామా దాగి వుంటుంది.

ఇక్కడికి హార్మోనులు ఎందుకొచ్చాయి? పన్ను ఆకారం, వరస చాలావరకు వంశాన్ని బట్టి వచ్చేవే. తాతకు ముందుపళ్ళ నడుమ సందుంటే మనమడికీ వుండొచ్చు. కాని ఆ పని ఎంత వేగంగా సాగాలి, ఎప్పుడు బయటికి రావాలి అన్న విషయాల్లో హార్మోనులకూ మాట చెల్లుతుంది. ఇవి వినాళ గ్రంథులు నేరుగా రక్తంలోకి వదిలే పదార్థాలు. ఆవగింజంత కూడా వుండవు. ఒకచోట పుట్టి ఎక్కడో మరోచోట పని చేయిస్తాయి. గర్భంలో మొదటి మూడు నెలలూ శిశువుకు సొంత థైరాయిడ్ సరుకు లేదు. తల్లి గొంతులో తయారయ్యేదే మాయ దాటి బిడ్డకు అందాలి. ఆ తర్వాత నెమ్మదిగా బిడ్డ గ్రంథి పని నేర్చుకుంటుంది.

కాన్పు జరిగిన రోజు పన్నుకు కూడా తెలుస్తుందంటే మీరు నమ్ముతారా? బొడ్డు కోయగానే తల్లి రక్తం నుంచి వచ్చే కాల్షియం ఒక్కసారిగా ఆగిపోతుంది. మొదటి ఒకటి రెండు రోజుల్లో బిడ్డ రక్తంలో కాల్షియం దిగజారుతుంది. అప్పటిదాకా బద్ధకంగా వున్న పారాథైరాయిడ్ గ్రంథులు మేలుకుని తమ హార్మోను వదిలి దాన్ని మళ్ళీ పైకి లాగుతాయి. ఈ కుదుపంతా అప్పుడు తయారవుతున్న పాలపళ్ళలో సన్నని గీతగా మిగిలిపోతుంది. 1936లో ఐజాక్ షూర్ అనే అమెరికా దంతశాస్త్రవేత్త ఈ గీతను వివరంగా వర్ణించాడు. జన్మరేఖ అనుకోండి. గీతకు ఒకవైపు వున్న ఎనామిల్ అమ్మ కడుపులో తయారైంది, రెండోవైపుది మన ప్రపంచంలో తయారైంది. ఊడిపోయిన పాలపన్నును పల్చగా కోసి సూక్ష్మదర్శినిలో పెడితే ఆ గీత కనబడుతుంది.

ఈ ఊరివాళ్ళకు పొరలు చదవటం ఒకరు నేర్పనక్కర్లేదు. రాతిపొర ఎక్కడ ముగిసి బొగ్గుపొర ఎక్కడ మొదలైందో చూసి అన్నం తినేవాళ్ళు. పన్ను కూడా అలాంటిదే. ఎముక నిత్యం కరిగి మళ్ళీ కట్టుకుంటుంది కనుక పాత ముద్రలు చెరిగిపోతాయి. ఎనామిల్ అలా కాదు. దాన్ని కట్టిన కణాలు పన్ను బయటికి రాగానే నశిస్తాయి. కట్టింది కట్టినట్టే వుండిపోతుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన రాక్షసబల్లి ‘కోటసారస్’ ఎముకలను హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో మీరు చూసే వుంటారు. దాని తలకాయ దొరకలేదు గాని చెంచా ఆకారపు పళ్ళు మాత్రం దొరికాయి.

మగపిల్లల పళ్ళు ఆడపిల్లల పళ్ళకన్నా సగటున కాస్త పెద్దవి. పాలపళ్ళలో ఈ తేడా స్వల్పం, శాశ్వత దంతాల్లో ఎక్కువ, కోరపళ్ళలో మరీ ఎక్కువ. మగశిశువు ఒంట్లో పురుష హార్మోను టెస్టోస్టెరోన్ మూడుసార్లు పొంగుతుంది. మొదటిది గర్భంలో మూడో నాలుగో నెలల్లో. రెండోది పుట్టాక ఒకటి నుంచి మూడు నెలల మధ్య. ఆరు నెలలకల్లా సద్దుమణుగుతుంది. మూడోది మీసాలొచ్చే వయసులో. మొదటి పొంగు పాలపళ్ళు మొలకెత్తే వేళ, రెండోది శాశ్వత దంతాలు రూపు దిద్దుకునే వేళ. పంటి పరిమాణం మీద వీటి ముద్ర వుంటుందా అని ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయం వారు కవల పిల్లలను పరిశీలించారు. 1999లో వారు ప్రకటించింది తమాషాగా వుంటుంది. మగపిల్లవాడితో కవలగా పుట్టిన ఆడపిల్ల పళ్ళు, ఆడపిల్లతో కవలగా పుట్టిన ఆడపిల్ల పళ్ళకన్నా కొంచెం పెద్దవి. తమ్ముడి హార్మోను ఒకే గర్భంలో అక్కదాకా చేరి వుంటుందని వారి ఊహ. తేడా మిల్లీమీటరులో అతి చిన్న వంతు. పెళ్ళిచూపుల్లో ఎవరికీ కనబడదు, కంగారు పడకండి.

ఇంతదాకా చెప్పినవి వినటానికి వింతలు. ఇక చెప్పబోయేది వింత కాదు.

చాలా ఏళ్ళ కిందట, వేరే ఊళ్ళో పనిచేసేటప్పుడు, ఒక తల్లి మూడు నెలల పాపను తీసుకొచ్చింది. మలబద్ధకమని. “పిల్ల బంగారమండీ, అసలు ఏడవదు, పాలకు కూడా లేపాల్సి వస్తుంది” అని మురిసిపోయింది. ఆవిడతోపాటు నేనూ మురిశాను. ఏదో చుక్కలమందు రాసి పంపించాను. పుట్టినప్పుడు పచ్చకామెర్లు చాలా రోజులు తగ్గలేదని ఆవిడ చెప్పింది కూడా. నా చెవికి ఎక్కలేదు. మళ్ళీ వాళ్ళు వచ్చింది పాపకు 16 నెలలప్పుడు. పళ్ళు రాలేదని. అంతే, పళ్ళు రాలేదని! పిల్ల సరిగా కూర్చోలేకపోతున్నది. నాలుక లావై పెదవుల మధ్య నుంచి కనబడుతున్నది. చర్మం గరుకుగా, చల్లగా వుంది. బొడ్డు ఉబ్బి వుంది. గొంతు బొంగురు. నా గుండె గుభేలుమంది. రక్తం తీయించాను. థైరాయిడ్ హార్మోను లేనట్టే లెక్క.

చిన్న మాత్ర, రోజుకొకటి, పొద్దున్నే. కారుచౌక. కొన్ని నెలల్లో పాప లేచి నిలబడింది, నాలుక లోపలికి పోయింది, ముఖం తేటపడింది. పళ్ళు ఒకదాని వెంట ఒకటి వరసగా వచ్చేశాయి. ఆ తల్లి నా చేతులు పట్టుకుని దణ్ణం పెట్టింది. నేను తలెత్తి చూడలేకపోయాను. ఎందుకంటే పన్నుకు ఆగే ఓపిక వుంది, మెదడుకు లేదు. మెదడు ఎదిగే మొదటి నెలల్లో ఆ హార్మోను అందకపోతే తర్వాత ఎంత పోసినా ఆ లోటు పూర్తిగా తీరదు. పాప బడికి వెళ్ళింది గాని లెక్కల దగ్గర, చదువు దగ్గర తోటిపిల్లల వెనకే వుండిపోయింది. మూడో నెలలో నేను కాస్త చెవి ఒగ్గి వింటే ఆ 13 నెలలు మిగిలేవి.

అందుకే పళ్ళ కోసం ఎదురుచూసి థైరాయిడ్ జబ్బును పట్టుకోవాలనుకోవటం బండి వెళ్ళిపోయాక స్టేషనుకు పరిగెత్తటం లాంటిది. పట్టుకోవాల్సింది పుట్టిన వారంలోనే. మడమ దగ్గర చిన్న గాటుపెట్టి రెండు మూడు చుక్కల రక్తం అట్టముక్క మీద అద్ది పరీక్షించటం 1970ల్లో కెనడాలోని క్విబెక్‌లో మొదలైంది. మన దేశంలో దాదాపు వెయ్యిమంది బిడ్డల్లో ఒకరికి ఈ లోటు వుంటుందని అంచనా. మందు రెండు వారాల లోపల మొదలెడితే పిల్లలు మామూలుగా చదువుకుంటారు, పరుగెత్తుతారు, పళ్ళు కూడా వేళకే వస్తాయి. కాన్పు ఎక్కడైనా కానివ్వండి, ఇంటికి బయల్దేరేముందు “పాపాయికి థైరాయిడ్ పరీక్ష చేశారా?” అని నోరు తెరిచి అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మన మధ్యతరగతి మొగమాటం ఒకటి వుంది. దాన్ని ఆ ఒక్కరోజు బీరువాలో పెట్టండి.

థైరాయిడ్‌కూ ఎదుగుదలకూ సంబంధమేమిటో 1912లోనే గూడర్‌నాష్ అనే ఆయన చూపించాడు. కప్పపిల్లలకు, అంటే తోకలతో ఈదులాడే వాటికి, థైరాయిడ్ ముక్కలు మేపాడు. అవి సమయం రాకముందే కాళ్ళొచ్చి బుల్లికప్పలైపోయాయి. పళ్ళ దగ్గరా అంతే. ఆ హార్మోను తక్కువైతే దవడ ఎదగదు, పన్ను మీది ఎముక కరిగి దారి ఇవ్వదు. మరీ ఎక్కువైతే పళ్ళు తొందరపడతాయి. దారి ఇవ్వటం అన్నాను కదా, ఆ పని పారాథైరాయిడ్ హార్మోనుకు దాయాది అనదగ్గ మరో పదార్థానిది. దాని సందేశాన్ని అందుకునే జన్యువు చెడిపోయిన కుటుంబాల్లో పళ్ళు పూర్తిగా తయారై కూడా ఎముకలోనే చిక్కుకుపోతాయని 2008లో తేలింది.

ఇక తల్లి థైరాయిడ్ సంగతి. దానికి ముడిసరుకు అయొడిన్. ఇందులో మన తెలుగువాడి చెయ్యి వుందని ఎంతమందికి తెలుసు? డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్నారు. హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఊళ్ళకు ఊళ్ళే గొంతువాపుతో, కొన్ని ఇళ్ళలో బుద్ధిమాంద్యం వున్న పిల్లలతో బాధపడుతుంటే, ఆయన, ఆయన సహచరులు 1956లో ఆ లోయను భాగాలు చేసి కొన్నింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపించారు. కొన్నేళ్ళకు చూస్తే అయొడిన్ ఉప్పు తిన్నచోట గొంతువాపులు సగానికి పైగా తగ్గాయి, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. దాని ఆధారంగానే 1962లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. 2006 నుంచి తినే ఉప్పుకు అయొడిన్ కలపటం దేశమంతటా తప్పనిసరి.

ఇంత కష్టపడి తెచ్చిన ఉప్పును పక్కన పెట్టి, గులాబీరంగు రాతి ఉప్పు ఆరోగ్యమని ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళోనూ తయారయ్యారు. రంగు బాగానే వుంటుంది. అయొడిన్ మాత్రం అందులో వుండీ లేనట్టే. ఇంట్లో గర్భిణి వుంటే ఆ సరదా మానుకోండి. ఆమెకు రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలి, మామూలు మనిషికి 150 చాలు. ఉప్పు డబ్బాకు మూత పెట్టండి, పొయ్యి పక్కన పెట్టకండి. కూర దించేముందు వేస్తే మరీ మంచిది. అంతమాత్రాన ఎక్కువ ఉప్పు తినమని కాదు. ఆవకాయ జాడీతో నా మాటకు సంబంధం లేదు.

చక్కెర జబ్బు గురించి కూడా ఒక మాట. గర్భిణీలకు వచ్చే చక్కెర జబ్బు అదుపులో లేకపోతే పుట్టిన బిడ్డకు కాల్షియం మరీ ఎక్కువగా పడిపోతుంది. అలాంటి పిల్లల పాలపళ్ళ మీద గుంటలు, మచ్చలు కనబడటం కద్దు. ఎనామిల్ పలచబడ్డ పన్ను త్వరగా పుచ్చుతుంది. డి విటమిన్ కూడా పేరుకే విటమిన్. ఒంట్లోకి వెళ్ళాక అది పనిచేసే తీరు హార్మోనుదే. ఎండ కాచే దేశంలో దానికి కరువేమిటని మీరడగవచ్చు. కడుపుతో వున్న కోడల్ని నాలుగు గోడల మధ్య వుంచి, బయటికెళ్తే గొడుగు పట్టి, ఎండ తగలనివ్వకపోతే కరువు కాక ఏమవుతుంది?

కాన్పుకో పన్ను పోతుందని ఆడవాళ్ళలో ఒక భయముంది. బిడ్డ తల్లి పళ్ళలోంచి కాల్షియం తీసుకోదు. తల్లి పంట్లోంచి అలా తీసే మార్గం లేదు. నిజంగా జరిగేదేమంటే, ఆ తొమ్మిది నెలలూ పెరిగే స్త్రీ హార్మోనుల వల్ల చిగుళ్ళు మెత్తబడి వాస్తాయి, తోముకుంటే రక్తం వస్తుంది. రక్తం వస్తోందని తోమటం మానేస్తారు. పళ్ళు పోయేది అందువల్ల.

పీయూష గ్రంథి హార్మోను తక్కువైన పిల్లల్లో పాలపళ్ళు ఊడకుండా వుండిపోవటం, కొత్తవి ఆలస్యం కావటం చూస్తాం, అవి అరుదు. మొత్తం మీద పన్ను మొండిది. హార్మోనుల హెచ్చుతగ్గులకు ఎముక ఊగిపోయినంతగా అది ఊగదు. అమెరికాలో స్టాన్లీ గార్న్ ప్రభృతులు 1965లో ఈ సంగతే చూపించారు. కనుక ఏడాది నిండినా పళ్ళు రాలేదని, పాకుతూ, నవ్వుతూ, పేరుకు తిరిగి చూసే పిల్లను ఊళ్ళన్నీ తిప్పకండి. 18 నెలలకు కూడా ఒక్కటీ రాకపోతే దంతవైద్యునికి చూపించండి. పళ్ళతోపాటు కూర్చోవటం, నిలబడటం, మాట కూడా వెనకబడితే మాత్రం మర్నాటికి వాయిదా వెయ్యకండి. పుట్టుకతో పన్ను వున్న బిడ్డలు రెండు మూడు వేలమందిలో ఒకరుంటారు. అది సాధారణంగా ముందొచ్చిన పాలపన్నే, అరిష్టం కాదు. బాగా కదులుతుంటే డాక్టరు తీస్తాడు. దారం కట్టి మీరు లాగకండి.

నిన్న సాయంత్రం ఆ పిల్లవాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎత్తుకున్నది మేనమామ. మొదటి షిఫ్టు ముగించుకుని స్నానం చేసి వచ్చినట్టున్నాడు, కనురెప్పల అంచున కాటుకలా బొగ్గు ఇంకా వుంది. వెనకాల అమ్మమ్మ ముఖం ముడుచుకుని వుంది. పై చిగురులో బియ్యపు గింజంత తెల్లగా మెరుస్తోంది. కింద ఏమీ లేదు.

“అమ్మ రెండు దినాల సంది నన్ను బాయికి పోనిస్తలేదమ్మా” అన్నాడతను. “నాగాలు పడుతున్నయి. మీరే చెప్పాలె.”

చెప్పాను. పై పళ్ళు ముందొచ్చే పిల్లలు ఎందరో వుంటారని, ఏ పన్ను ముందో ఆ పన్నుకే తెలియదని. ఆవిడ వింది. నమ్మిందో లేదో చెప్పలేను. లేచి వెళుతూ, కింది పళ్ళు ఎన్ని రోజులకు వస్తాయని అడిగింది. నాలుగైదు వారాలు పట్టవచ్చన్నాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ గడప దిగింది.